వరసగా నాలుగు

రాత్రి రెండున్నర.
హిద్ రేవులో మా పెట్టె మళ్లీ ఒక పాకెట్‌ను జారవిడిచింది.
లాగ్‌లో అదే ఫిర్యాదు: పేజీలు దొరకలేదు.
దాని కిందే లెక్క కూడా ఉంది,
ఖాళీ పేజీలు పన్నెండు వేలని.

"పన్నెండు వేలు పెట్టుకొని లేదంటుందా!"
ఫోనులో సమీర్ హద్దాద్ అరుపు.
ఆయనకు అర్థం కావాలంటే
ఒకసారి గుదైబియాలో మా బిల్డింగ్ మెట్లెక్కాలి.

క్రేన్ మీది కెమెరా పంపే ఒక్కో పాకెట్
తొమ్మిది వేల బైట్లు.
మూడు పేజీలైతే పడుతుంది.
కానీ కెర్నెల్‌కి వచ్చింది ఒక్కటే ఎక్కం,
ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది.
మూడంటే నాలుగు తియ్యాలి,
ఆ నాలుగూ భుజం భుజం ఆనుకుని ఉండాలి.

పైగా ఇంటరప్ట్ మోగిన క్షణంలో
డ్రైవర్‌కి నిద్ర నిషిద్ధం.
కాసేపు కునుకు తీస్తే ఎవరైనా ఖాళీ చేస్తారులే
అనుకునే వీలు లేదు.
అడగాలి. లేదంటే
చేతిలోది నేల పాలు చేసి
తర్వాతిదానికి చెయ్యి చాపాలి.
జుఫైర్ పార్కింగ్‌లో రాత్రి కాపలా రాజలింగుకి
ఇది చెబితే నవ్వాడు:
"గంతేనా? నా డ్యూటీ గదే గద."

ఆ వారమే వాళ్ల మెట్‌పల్లి నుంచి
ముగ్గురు అన్నదమ్ములు దిగారు, మార్బుల్ పనికి.
పెద్ద పోశెట్టి, నడిపి పోశెట్టి, చిన్న పోశెట్టి.
ఒక్క రూమ్‌ల మూడు బెడ్లు కావాలె, అన్నాడు రాజలింగు.
తాళాల గుత్తి తిప్పుతూ కుంజుమోన్ లెక్కపెట్టాడు.
పదకొండు ఖాళీలు.
ఏ రెండూ పక్కపక్కన లేవు.
అందర్నీ ఇటూ అటూ జరిపితే
ఒక గది తేలకపోదు,
కానీ అందుకు పగలు పడుకునేవాళ్లను
పగలే లేపాలి.
"ఎవరు లేపుతారు? నువ్వా?"

రెండో అంతస్తులో ఒకడు, నాలుగులో ఒకడు,
చిన్నవాడు టెర్రస్ గదిలో, ఏసీ పెట్టె హోరు పక్కన.

కూర మాత్రం ఒక్కటే కుండలో ఉడికింది.
నడిపివాడు పిండి సంచి అట్టను చింపి
మెస్ కుర్రాడి కోసం రాశాడు:
మొదలు రెండో అంతస్తు, తలుపు ఎనక, మీది బెడ్డు.
తర్వాత నాలుగు, కిటికి కాడ.
ఆకర్న మీద, నీలం దుప్పటి.

ఆ అట్ట పట్టుకుని మెట్ల మీద నిలబడిపోయాను.
చెమటకి బాల్‌పెన్ సిరా అంటింది బొటనవేలికి.

చోటు ఒక్కచోటే ఉండాలని
కార్డు ఎప్పుడైనా అడిగిందా?
అడిగింది నేనే, పాత కోడ్‌లో, నాలుగేళ్ల కింద.
దానికి కావలసింది మూడు చిరునామాలు,
ఏ వరసలో నింపాలో చెప్పే చీటీ.

రాసింది అరవై లైన్లు. కొట్టేసింది నూటపది.
వాడిన పేజీలను వెనక్కి ఇవ్వకుండా
మళ్లీ వలయంలోకే తిప్పాను.
తెల్లారేసరికి లెక్కలో సున్నా.
తర్వాత ఒకటి పడింది.
ఆ ఒకటి ఎందుకు పడిందో ఇప్పటికీ తెలీదు.
హద్దాద్‌కి చెప్పలేదు.

ఆరున్నరకి షఫీకుల్ బేకరీకి లేచాడు.
మా ఇద్దరికీ ఒకటే బెడ్డు,
రాత్రి అతనిది, పగలు నాది.
కెర్నెల్ ఒక ప్రోగ్రామ్ వదిలిన పేజీని
ఇంకో ప్రోగ్రామ్‌కి ఇచ్చే ముందు
సున్నాలతో తుడుస్తుంది,
ఒకరి రహస్యం ఇంకొకరికి పొక్కకుండా.
ఇక్కడ ఎవరూ తుడవరు.
దిండులో ఆవనూనె వాసన,
పరుపులో అతని వీపంత పల్లం,
ఇంకా వెచ్చగా.

గోడ వైపు తిరిగి
అందులోనే సర్దుకున్నాను.